దర్జీ అక్క కోసిన బ్యానరు

దర్జీ అక్క కొట్టులో నిలబడితే ఇద్దరు పడతారు, కూర్చుంటే ఒక్కరే. ఈ పరాయి దేశంలో మనవాళ్ల ప్యాంట్లు పొట్టి చేసేదీ, పెరిగిన పొట్టలకు కుట్లు విప్పేదీ ఆవిడే. నా మనవరాలి ఈడుది. అయినా అందరూ అక్క అంటారు కాబట్టి నాకూ అక్కే.

మన దేశంలో నర్సులు ధర్నాకు దిగారు. పోలీసులు పట్టుకుపోయినవాళ్లలో అక్క సొంత చెల్లెలు కూడా ఉంది. వాళ్లను వదలమంటూ ఆదివారం ఇక్కడి మన ఎంబసీ ముందు నిలబడాలనుకున్నాం.

"బ్యానరు నేను కుడతాను. నిలబడ్డం మాత్రం దాని వెనకాలే," అంది అక్క.

పాస్‌పోర్టు కొత్తది చేయించడానికి ఆ ఎంబసీలోనే ఇచ్చింది. అది వస్తేనే ఊరికి వెళ్లి, మంచం పట్టిన అమ్మను చూడటం. ఎంబసీ కిటికీలోంచి ఒకడు మొహాలన్నీ ఫొటో తీస్తాడని అందరికీ తెలుసు.

నర్సుల పేర్లు గుడ్డలో కత్తిరించి అతికించి కుట్టింది. వెనక లైనింగు కూడా వేసింది.

"గాలి పోవడానికి చీలికలు పెట్టాలేమో," అని మాతో వచ్చే బస్సు డ్రైవరు గొణిగాడు.

"కొత్త గుడ్డకు చిల్లులా? నా చేత్తోనా?" అక్క కస్సుమంది.

ఆదివారం గాలి లేచింది. బ్యానరు తెరచాపలా ఉబ్బింది. ఒక కర్ర డ్రైవరుది, ఒకటి నాది. నా చెప్పులు నేలమీదే ఉన్నాయి, నేను లేను. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టరు చెప్పిన స్వర్గారోహణం ఇదే కాబోలనుకున్నాను. పై అంతస్తులో కెమెరావాడి టీలో చక్కెర కరగలేదు, నా కళ్లతో చూశాను. డ్రైవరు ఒప్పుకోడు. కళ్లు మూసుకున్నవాడికేం తెలుస్తుంది!

"వదిలెయ్యండి తాతయ్యా, పడతారు!"

"వదిలితే నీ చెల్లి పేరు బురదలో పడుతుంది అక్కా!"

అక్క కత్తెర తీసింది. కానీ లైనింగు అడ్డు. వెనకనుంచి కోస్తే ఎవరి పేరు తెగుతుందో తెలియదు. ఒక్కసారి కిటికీవైపు చూసి, ముందుకు వచ్చేసింది. పేర్ల మధ్య చకచకా చీల్చింది. గాలి ఈలవేస్తూ దూరిపోయింది. నేను నేలమీదికి దిగాను.

పైన కెమెరా మెరిసింది.

"సరిగ్గా తియ్యి బాబూ! పాస్‌పోర్టు ఫొటోలో ఎలాగూ బాగా పడలేదు," అంది అక్క.

పాస్‌పోర్టు ఇంకా రాలేదు. డ్రైవరు తీసిన ఫొటో మాత్రం ఫోన్లు మారుతూ మంచంలో ఉన్న అమ్మ దగ్గరికి చేరింది.

"చిక్కిపోయావేమే!" అందట ఆవిడ.

చెల్లెలు ఇంకా జైల్లోనే ఉంది. కొట్టులో కొత్త బ్యానరు తయారవుతోంది. ఈసారి చీలికలు ముందే పెట్టింది. ఒక్కోదాని చుట్టూ కాజా కుట్టినట్టు అంచు కుడుతోంది.