డాక్టర్ చూడలేదు, నేను చెప్పలేదు

ఆ శుక్రవారం పొద్దున స్వీటీ గిన్నెలో పెట్టిన పెరుగన్నం పెట్టినట్టే ఉంది. పక్కన నీళ్ళ గిన్నె మాత్రం అడుగు దాకా ఖాళీ. మళ్ళీ నింపాను. నేను చీపురు తీసుకొని వెనక్కి తిరిగేలోపు అదీ అయిపోయింది. స్వీటీ మా పామేరియన్ కుక్క, ఏడేళ్ళది. పెరుగు కలిపే చప్పుడు వింటే మెట్ల మీద నుంచి దూకి వచ్చే మనిషి. మనిషి అనే రాశాను, దిద్దను.

మాది మానుకోట. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ మాటల్లో మేమెవరం అట్లా అనం. ముందు హోల్‌సేల్ కిరాణా షాపు, వెనక గోదాము, పైన ఇల్లు. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్తమ్మ. కూతురు శ్రావణి జనగామలో ఉద్యోగం చేస్తూ అక్కడే ఉంటుంది, వారానికో పక్షానికో రైల్లో వస్తుంది. స్వీటీని తెచ్చింది అదే, పెంచింది నేను. బజారులో నాకు నోరు ఎక్కువని పేరు. కందిపప్పు బస్తాలో నాలుగు రాళ్ళు కనిపిస్తే పంపినవాడికి ఆ రోజు అన్నం సయించదు. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. అంత నోరూ అవసరమైన చోట పడిపోయింది, అందుకని చెప్తున్నాను.

స్వీటీ ఆర్నెల్లకోసారి heat కి వస్తుంది. మా ఇంట్లో ఆడవాళ్ళం ముట్టయితే మూడు రోజులు పూజగదికీ వంటింటికీ దూరం. కుక్కకు కూడా మేం అదే పద్ధతి పెట్టుకున్నాం. ఎవరు మొదలుపెట్టారంటే చెప్పలేను, నేనే అయ్యుంటాను. ఉగాదికి ముందు దానికి heat వచ్చినప్పుడు అత్తమ్మ, "పండుగ పూట ఇల్లంత తిరుగుతది, జర కింద కట్టేయి బిడ్డా" అన్నారు. గోదాములో పప్పు బస్తాల పక్కన గోనెసంచి పరిచి కట్టేశాను. రక్తం ఆగాక తలంటు పోసి పైకి తెచ్చుకున్నాను.

నెల తిరిగేసరికి తోక కింద తెల్లటి బొచ్చుకు మళ్ళీ మరక కనిపించింది. ఆడదానికి నెల నెలా వచ్చినట్టే దీనికీ వచ్చిందనుకున్నాను. ఆర్నెల్లకు రావలసింది నెలకే ఎందుకొచ్చిందని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఎవరితోనూ అనకుండా మళ్ళీ గోదాములో కట్టేశాను. నీళ్ళు అంతలా తాగడం, అన్నం ముట్టకపోవడం ఆ శుక్రవారం మొదలైంది.

రెండు రోజులకు మరక రంగు మారింది. ఎర్రగా లేదు, మురికి కాఫీ రంగులో చిక్కగా ఉంది, వాసన వేస్తోంది. ఆ వాసన మంచిది కాదని నాకు తెలుసు. తెలిసీ ఏం చేశాను? వేడినీళ్ళతో కడిగి, అంటుకుపోయిన బొచ్చును కత్తెరతో కత్తిరించి పారేశాను. గోదాములోకి హమాలీలు వస్తుంటారు, గుమాస్తా వస్తుంటాడు. వాళ్ళ కంట పడితే ఏం బాగుంటుంది అనిపించింది. అది నాకే అయినట్టు సిగ్గుపడ్డాను.

మంగళవారం నాటికి స్వీటీ లేవడం మానేసింది. టవల్‌లో చుట్టుకొని, మా గుమాస్తా సత్తయ్యను తోడు తీసుకొని, ఆటోలో డాక్టర్ దగ్గరికి పోయాను. ఆయన సొంతంగా ప్రాక్టీసు చేసే పశువుల డాక్టర్, ఇంటి వరండాలో చూస్తారు. బర్రెలు, మేకలు ఆయన ప్రపంచం. మా షాపుకు వస్తారు, పరిచయం ఉన్న మనిషే. ఆ పొద్దు ఇద్దరు రైతులు ఒక మేకను పట్టుకొని నిలబడి ఉన్నారు. ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "ఏమైందమ్మా?" అన్నారు. తింటలేదు, నీరసంగా ఉంది, నీళ్ళు మస్తుగా తాగుతోంది అని చెప్పాను.

"గీ ఎండలకు మనమే తింటలేము, కుక్క ఏం తింటదమ్మా" అన్నారు. రైతులు నవ్వారు. ఆయన చీటీ మీద రాస్తూ, తల ఎత్తకుండా అడిగారు.

"ఇంకేమన్న ఉన్నదా?"

అడిగారు. ఇది నేను ఎన్నిసార్లు మరిచిపోదామనుకున్నా మరిచిపోలేని సంగతి. నా పక్కన సత్తయ్య ఉన్నాడు, ఎదురుగా ముక్కూమొహం తెలియని ఇద్దరు మగవాళ్ళు. తోక కింద చీము కారుతోంది అనాలి. అంతే, నాలుగు మాటలు.

"ఏం లేదు" అన్నాను.

ఆయన liver tonic, నట్టల మందు రాశారు. thermometer తియ్యలేదు. టవల్ విప్పమనలేదు. చెయ్యి పెట్టి చూడలేదు. నాకు కోపం రావలసింది. కానీ ఆయన టవల్ విప్పమననందుకు నాకు హాయిగా అనిపించింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ మొహం కాలుతోంది.

శుక్రవారం స్వీటీ వాంతులు చేసుకుంది. పట్టిన టానిక్ పట్టినట్టే బయటికొచ్చింది. పొట్ట ఉబ్బినట్టు ఉంది, ముట్టుకుంటే మూలిగింది. డాక్టర్‌కు ఫోన్ చేసి, పరిస్థితి బాగాలేదు, ఇప్పుడే తెస్తానని చెప్పాను. ఆయన ఏదో ఊళ్ళో బర్రె ఈనుతుంటే పోయారట.

"కుక్కకే గింత పరేషానైతే ఎట్లమ్మా? టానిక్ పడుతనే ఉండుండ్రి, సోమవారం చూద్దాం" అన్నారు. అత్యవసరం సార్ అన్నాను. బర్రె పోతే ఒక ఇల్లు మునుగుతుందని ఆయనన్నారు, పెట్టేశారు. ఆ మాటలో ఆయన తప్పు లేదు. కానీ వాంతులు విన్నాక కూడా సోమవారం అనడం తప్పు. అప్పుడైనా నేను చీము సంగతి చెప్పి ఉంటే ఏమనేవారో తెలియదు. ఫోన్లో పక్కన ఏ రైతూ లేడు కదా, అప్పుడెందుకు చెప్పలేదంటారా? అప్పటికే ఒకసారి ఏం లేదన్నాను. ఇప్పుడు ఉందంటే మొదటి మాట అబద్ధమవుతుందని భయపడ్డాను.

ఆదివారం పొద్దున శ్రావణి వచ్చింది. సంచి కూడా కింద పెట్టకుండా స్వీటీ ఏదని అడిగింది. గోదాములోకి తీసుకెళ్ళాను. పిలిస్తే చెవి కదిలించింది, తల ఎత్తలేదు. శ్రావణి మోకాళ్ళ మీద కూర్చుని చిగుళ్ళు చూసింది, పొట్ట చూసింది, తోక ఎత్తింది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

"అమ్మా, గిది ఎన్నొద్దుల సంది?"

నేను గోనెసంచి అంచు సర్దాను. అది మళ్ళీ అడగలేదు. ఫోటో తీసి హనుమకొండలో ఒక పెంపుడు జంతువుల క్లినిక్‌కు పంపింది. పది నిమిషాల్లో అటునుంచే ఫోన్ వచ్చింది, వెంటనే బయలుదేరండి, నీళ్ళు తప్ప ఏమీ పెట్టకండి అని. మా ఆయన షాపు షట్టరు వేసి కారు తీశారు. గంటన్నర దారి. స్వీటీ నా ఒళ్ళో ఉంది. నా చీరంతా తడిసింది, కారంతా ఆ వాసన. ఎవరూ అద్దం దించమనలేదు.

అక్కడ డాక్టర్ ముప్పై ఏళ్ళ అమ్మాయి. ultrasound చేసి, తెర మా వైపు తిప్పింది. "Pyometra. గర్భసంచి నిండా చీము ఉంది. heat తర్వాత కొన్ని వారాలకు వస్తుంది. ఇది emergency, ఈ రోజే surgery చెయ్యాలి, లేదంటే బతకదు" అంది. రక్తం తీసి పంపింది. తర్వాత నన్ను అడిగింది, discharge ఎన్ని రోజుల నుంచి అని.

"రెండు రోజులు" అన్నాను.

ఆమె స్వీటీ వెనక భాగం చూస్తూ, ఇక్కడ బొచ్చు ఎవరు కత్తిరించారు, మళ్ళీ కొంచెం పెరిగింది కూడా అంది. గొంతులో కోపం లేదు. శ్రావణినీ మా ఆయననూ బయట కూర్చోమని, తలుపు దగ్గరికి వేసి నా వైపు తిరిగింది. "మిమ్మల్ని తిట్టడానికి కాదమ్మా అడుగుతున్నది. ఇన్ఫెక్షన్ ఎంత దూరం పోయిందో నాకు తెలియాలి."

అప్పుడు చెప్పాను. ఎనిమిదో రోజు అని. అంతకుముందే మరక కనిపించిందని కూడా చెప్పాను. ఏడ్చాను. ఆమె రాసుకుంది, నా చేతికి టిష్యూ ఇచ్చింది, లోపలికి పోయింది.

సాయంత్రం operation అయింది. తీసిన గర్భసంచి ట్రేలో చూపించారు. ఒళ్ళో పట్టే కుక్కలో అరటికాయలంత లావు సంచులు రెండు. బతికింది అనుకున్నాం గానీ అంత సులువుగా కాలేదు. creatinine పెరిగింది, కిడ్నీల మీద దెబ్బ పడిందన్నారు. రెండు రోజులు saline మీదే ఉంది. మూడో రోజు జ్వరం వచ్చింది, antibiotic మార్చారు. "ఇంకో ఇరవై నాలుగు గంటలు ఏమీ చెప్పలేను" అంది డాక్టరమ్మ. నేను దగ్గర్లో మా పిన్ని ఇంట్లో ఉండి, పొద్దున తలుపు తీసే వేళకు పోయి, మూసే దాకా అక్కడే కూర్చునేదాన్ని. స్వీటీ మెడకు గరాటు లాంటి ప్లాస్టిక్ పట్టీ కట్టారు. దాంట్లోంచి నన్ను చూసేది. దానికి నా మీద కోపం ఉంటే బాగుండుననిపించేది. ఐదో రోజు నా వేలికి అంటిన పెరుగు నాకింది. డాక్టరమ్మను పిలవడానికి పరుగెత్తాను.

ఇంటికి తెచ్చాక, కుట్లు విప్పించిన మర్నాడు మా ఆయన నన్ను తీసుకొని వరండా డాక్టర్ దగ్గరికి పోయారు. సత్తయ్య కూడా వచ్చాడు. ఏడెనిమిది మంది ఉన్నారు అక్కడ. మా ఆయన మామూలుగా గొంతు పెంచే మనిషి కాదు, ఆ రోజు పెంచారు. చెయ్యి పెట్టి చూడకుండా ఎండ అన్నావు, వాంతులంటే సోమవారమన్నావు, గర్భసంచిలో చీము పట్టి మా కుక్క చావు దాకా పోయింది అన్నారు. డాక్టర్ అంతా విని, నా వైపు చూశారు.

"అమ్మా, చీము వస్తున్నదని మీరు నాకు చెప్పిండ్రా?"

అందరూ నా వైపు తిరిగారు.

"చెప్పిన" అన్నాను.

నా గొంతు గట్టిగానే ఉంది. అప్పుడు నోరు బాగా పనిచేసింది. సత్తయ్య తల దించుకొని చెప్పులు చూసుకున్నాడు. ఆ మొదటి రోజు నా పక్కన ఉన్నది వాడే. డాక్టర్ నన్ను ఇంకాసేపు చూసి, "అయితే తప్పు నాదే" అన్నారు. వచ్చినవాళ్ళలో ఒకాయన, చదువుకున్నోళ్ళు గిట్లుంటే ఎట్ల అని గొణిగాడు. మా ఆయన నన్ను గెలిపించుకున్నట్టు ఇంటికి తీసుకొచ్చారు.

ఆ మాటను మా ఆయన బజారంతా చెప్పారు. నా భార్య చీము వస్తున్నదని చెప్పినా పట్టించుకోలేదట అని. షాపుకు వచ్చినవాళ్ళు నన్నే అడిగేవాళ్ళు, నిజమా అక్కా అని. తల ఊపేదాన్ని. వాళ్ళు ఆ డాక్టర్ దగ్గరికి కుక్కల్ని తీసుకుపోవడం మానేశారు. డాక్టర్ మా షాపు ముందు నుంచి పోయేటప్పుడు అటువైపు రోడ్డు మీద నడిచేవారు. సామాను వేరేచోట కొంటున్నారని సత్తయ్య చెప్పాడు. ఇంకేమీ అనలేదు, అది మాత్రం చెప్పాడు.

రెండు నెలలు ఓర్చుకున్నాను. ఒక రోజు పొద్దున ఒక్కదాన్నే ఆయన వరండాకు పోయాను. ఎవరూ లేరు. బకెట్‌లో చేతులు కడుక్కుంటున్నారు. కూర్చోలేదు నేను. సార్, ఆ రోజు మీరు అడిగిండ్రు, నేను ఏం లేదన్న, అందరి ముందర అబద్ధం చెప్పిన అన్నాను.

ఆయన చేతులు తుడుచుకున్నారు.

"నాకు ఎరుకే అమ్మా" అన్నారు. "కని తోక లేపితే నాకే కనపడేటిది. మీరు చెప్పినా ఆ రోజు నేను కుర్చీల నుంచి లేస్తుంటినో లేదో. గది నాకు ఎరుక లేదు."

టీ తాగమన్నారు. తాగలేక వచ్చేశాను. ఆయన క్షమించానని అనలేదు, నేను అడగలేదు.

స్వీటీ ఇప్పుడు బాగుంది. ఆర్నెల్లకోసారి kidney test చేయించాలి, ఉప్పు లేని తిండి పెట్టాలి. గర్భసంచి లేదు కాబట్టి heat లేదు, గోదాములో కట్టేసే పని లేదు. ఒకవేళ ఉన్నా కట్టెయ్యను. అత్తమ్మకు ఆ సంగతి చెప్పినప్పుడు ఆమె, నేనన్నది పండుగ నాలుగొద్దులకే గద బిడ్డా అన్నారు. నిజమే. మిగతాదంతా నేనే కట్టాను.

ఆడకుక్కను పెంచుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. heat అయిపోయిన రెండు మూడు నెలల్లోపు అది నీళ్ళు ఎక్కువగా తాగి, అన్నం మానేస్తే, వెంటనే తోక ఎత్తి చూడండి. కనిపించింది డాక్టర్‌కు చెప్పండి. పదిమందిలో నోరు రాకపోతే కాగితం మీద రాసుకొని పోయి ఆయన చేతిలో పెట్టండి, చదివే దాకా అక్కడే నిలబడండి.

నేనూ ఇప్పుడు ఆ పనే చేస్తున్నాను. డాక్టర్‌కు చెప్పాను గానీ మా ఆయనకు ఇంకా చెప్పలేదు. నిన్న కూడా కౌంటర్ దగ్గర ఎవరికో, మా ఆమె చెప్పినా డాక్టర్ వినలేదని చెప్తుంటే, లోపల నిలబడి విన్నాను. ఈ కాగితాలు అచ్చు వెయ్యడానికి మీకు పంపేముందు మా ఆయన చేతికి ఇస్తాను. ఆయన చదువుతున్నంతసేపూ ఎదురుగానే కూర్చుంటాను.