నేను వదలని నాలుగు లైన్లు

ప్రొద్దుటూరులో ఒక ఆఫీసులో, పాత మరణాల రిజిస్టర్లు చూసి కంప్యూటర్లోకి ఎక్కించే పని చేశాను. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒక్కో పేరూ పెదవులు కదుపుతూ చదివి కొట్టేదాన్ని. మధ్యాహ్నం అందరూ ఒకచోట క్యారియర్లు విప్పేవాళ్లు. నేను వెనకబడిన పేజీలు చూసుకుంటూ నా మిషను ముందే తినేదాన్ని.

ఒక సోమవారం నా భర్త పేజీ వచ్చింది. ఆయన ఒక పార్టీ నాయకుడి జీపు నడిపేవాడు. పులివెందుల రోడ్డులో ఎదుటి పార్టీవాళ్లు బాంబులేసి చంపారు. దినాలు కాకముందే రెండు పార్టీలవాళ్లూ జమ్మలమడుగులో కూర్చుని రాజీపడ్డారు. కేసు ఉండకూడదని నా చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించారు. అందులో ఏముందో ఎవరూ చదివి వినిపించలేదు. ఆ కాగితాన్ని బట్టి రిజిస్టరులో రాసింది ఇప్పుడు నేనే చదివాను: మరణ కారణం, జీపు పైనుంచి జారిపడుట.

రిజిస్టరులో ఉన్నదే కొట్టాలన్నది రూలు. పేరు కొట్టాను, ఊరు కొట్టాను, కారణం దగ్గర చెయ్యి ఆగిపోయింది. సేవ్ చేయకుండా వదిలేసి, ఇంకో విండో తెరిచి మిగతా పేజీలు చేశాను. మర్నాడు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టి, బాంబు అని కొట్టాను. అదీ సేవ్ చేయలేదు. ఇంటికెళ్లేటప్పుడు తెర మాత్రం ఆపేదాన్ని. గురువారానికి ఆయన నాలుగు విండోల్లో ఉన్నాడు.

ఆ రోజు ఆఫీసులో ఏ బటను నొక్కినా పని ఒక పట్టాన కదల్లేదు. బయట సర్టిఫికెట్ల కోసం జనం నిలబడిపోయారు. కంప్యూటర్లు చూసే ఇంజనీరు వచ్చాడు. నా ఈడువాడే.

"అక్కా, ఐదు లైన్లలో నాలుగు నీకాన్నే ఉండాయి. ఏం చేస్తాండావు?"

"పనే చేస్తాండానప్పా."

"కడపలో పెద్ద మిషనుంది గదా. ముందు మీరు నొక్కినప్పుడల్లా దానికి కొత్త లైను కలిపేది, తెంపేది. దానికే శానాసేపు పడ్తాండె. అందుకని పోయిన వారం ఐదు లైన్లు కలిపి, తెంపకుండా పెట్టినా. మా మసీదులో నమాజుకు ముందు కాళ్లుచేతులు కడుక్కునే కొళాయిలు ఐదే. కడుక్కున్నోళ్లు లేస్తే ఎనకోళ్లు కూసుంటారు. అందరికీ సరిపోతాయి. నువ్వు సేవ్ చేయకుండా నాలుగు విండోలు తెరిచిపెట్టి, నాలుగు కొళాయిల కాడ కూసోని లేయకుండావు. మిగిలిన ఒక్కదాని కాడ ఆఫీసంతా నిలబడింది."

"ఇంగో పది పెట్టరాదాప్పా?"

"అన్ని పెడితే పెద్ద మిషను తట్టుకోవల్ల గదా. లేయనోళ్లుంటే యాభై పెట్టినా సాలవు."

పక్కసీటు అమ్మాయి నవ్వింది. "అక్క ఒక్కతే నిదానం అనుకుంటాంటి. ఆఫీసునంతా నిదానం చేసింది!"

"నేనే ఈడనుంచి తెంపొచ్చు," అన్నాడాయన. "నువ్వే సేవో, రద్దో చేసి వదిల్తే మేలు."

కౌంటరు దగ్గర ఒకామె చంటిబిడ్డను భుజం మార్చుకుంటోంది. పొద్దున్నించీ అక్కడే ఉంది. నేను ఒకటొకటిగా రద్దు నొక్కాను. బాంబు అని కొట్టింది చివర వచ్చింది. కాసేపు చూశాను. అదీ నొక్కాను. బయట వరుస కదిలింది.

ఆ పేజీ ఎవరో ఒకరు ఎక్కించాల్సిందే. ఆ అబద్ధానికి ఒకసారి నా వేలు పెట్టాను, మళ్లీ పెట్టలేను. రిజిస్టరు పక్కసీటుకు జరిపాను.

"ఈ ఒక్కటి నువ్వు కొట్టమ్మా."

"ఏంది, కండ్లు అగపడ్లేదా?"

"ఊఁ."

ఆ అమ్మాయి బయట ఎవరితోనో మాట్లాడుతూనే టకటకా కొట్టేసి సేవ్ చేసింది.

"తర్వాత పేజీ నాదా, నీదా అక్కా?"

"నాదే," అని రిజిస్టరు నా వైపు తిప్పుకున్నాను.