జీలకర్ర గిన్నెలో మిగిలిన పిన్ను

దామోదర్ చొక్కా జేబులో ఒక పిన్ను ఉంది. జడపిన్నులో సగం కూడా ఉండదు. ఆ శనివారం పొద్దున మాత్రం దాని బరువుకి జేబు చిరిగిపోతుందేమో అన్నట్టు మాటిమాటికీ తడుముకుంటున్నాడు.

మూడేళ్ళుగా అతను అమెరికాలో, బెంటన్‌విల్‌లోని తన గరాజ్‌లో ఒక కారు కడుతున్నాడు. అరవై ఏళ్ళు దాటిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఇద్దరు కూర్చుంటే గొడుక్కి కూడా చోటుండదు. ముందు కప్పకళ్ళలాంటి రెండు దీపాలు. చిన్నప్పుడు వాల్తేరులో పళ్ళ డాక్టరు రాజారావుగారికి అలాంటిదే ఉండేది. పన్ను పీకినా ఏడవలేదని మెచ్చుకుని, ఆయన ఎనిమిదేళ్ళ దామోదర్‌ని బీచ్ దాకా తిప్పారు. నోట్లో దూది, మొహాన సముద్రపు గాలి. ఊడిన పన్ను ఏ వైపుదో మరిచిపోయాడు గానీ ఆ గాలిని మరవలేదు. అందుకే ఒక ముసలి రైతు కొట్టంలో అలాంటి కారే ముక్కలుగా కనబడగానే ఇంటికి తెచ్చేసుకున్నాడు.

మరలు దాచడానికి భార్య రాధారాణి పారేయబోయిన పోపులడబ్బా పనికొచ్చింది. బ్రేకులవి ఆవాల గిన్నెలో, స్టీరింగ్‌వి జీలకర్ర గిన్నెలో, తలుపులవి మెంతుల గిన్నెలో. బిగింపు పూర్తయ్యేసరికి గిన్నెలన్నీ ఖాళీ కావాలి. గురువారం సాయంత్రానికి అయ్యాయి, జీలకర్ర గిన్నెలో ఈ పిన్ను తప్ప.

ఎప్పుడో డబ్బా ఒలికినప్పుడు మెంతుల్లోంచి ఇటు పడి ఉంటుందిలే అనుకున్నాడు. అయినా రెండుసార్లు టార్చి పట్టుకుని కారు కింద దూరాడు. అతని కళ్ళద్దాల్లో దగ్గరవి చూసే ముక్క కిందవైపు ఉంటుంది. వెల్లకిలా పడుకుని పైకి చూసేవాడికి అది దేనికీ పనికిరాదు. కనిపించినంతవరకూ అంతా బాగానే ఉందనుకుని బయటికొచ్చాడు. ఆఫీసులో అతని ఉద్యోగం పక్కవాళ్ళ తప్పులు పట్టడం. తనే ఒక మర మిగిల్చానని ఎవరితో చెప్పుకుంటాడు? పైగా శనివారం గుడిలో వాహనపూజ, కారు నడుపుకుంటూ వస్తానని పాట్‌లక్ భోజనాల్లో నలభై మందికి చెప్పేశాడు.

అలా బయల్దేరారు. స్టీరింగ్ కుడివైపు కాబట్టి, అక్కడ డ్రైవరుండాల్సిన ఎడమవైపు ఊరికే కూర్చున్న రాధారాణిని చూసి ఎదురొచ్చే వాళ్ళు అదిరిపడుతున్నారు. ఆమె ఒళ్ళో కొబ్బరికాయ, నిమ్మకాయలు, పన్నెండు మందికి సరిపడా పులిహోర. పాతిక మైళ్ళ వేగం దాటకపోయినా దామోదర్ వీపు తడిసిపోయింది. వెనక పికప్ ట్రక్కులు బారులు తీరాయి. చేతుల కింద స్టీరింగ్ వణుకుతోంది. వణుకు కారుదా, చేతులదా? తేల్చుకోలేకపోయాడు. ముందు వాగు వంతెన మీదికి దిగే ఏటవాలు మలుపు కనబడింది. అక్కడ చక్రం మాట వినకపోతే? కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. పక్కనున్న చర్చి పార్కింగ్‌లోకి తిప్పి ఇంజన్ ఆపేశాడు.

"రాధా, ఒకటి మిగిలింది," అంటూ పిన్ను చూపించాడు.

రాధారాణి పూజసామాను వెతికింది. కుంకుమభరిణె తెరిచి వేలితో కెలికి ఒక నట్టు తీసింది.

"పోయిన వారం వాషింగ్ మెషిన్‌లో దొరికింది. మీ ప్యాంటు జేబులోదే."

"చెప్పలేదేం?"

"మూడేళ్ళు కట్టారు కదండీ. పూజయ్యాక చెబుదామనుకున్నా."

"పూజ దాకా చేరాలి కదే."

"అందుకేగా కూడా వచ్చింది. నేనుంటే మెల్లగా నడుపుతారు."

నట్టు తలమీద కిరీటంలా గాట్లున్నాయి. పిన్ను ఆ గాట్లలో సరిగ్గా కూర్చుంది. రెండూ ఒకే చోటివి. దామోదర్ కళ్ళద్దాలు తలకిందులుగా పెట్టుకుని కారు కింద పడుకున్నాడు. ఈసారి అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. ఎడమ చక్రాన్ని తిప్పే కడ్డీ కొసన మర బోసిగా ఉంది. నట్టు లేదు. బిగువుగా దిగబడి ఉండటం తప్ప ఆ కడ్డీని పట్టుకున్నది ఇంకేమీ లేదు. అప్పటిదాకా వచ్చిన మూడు మైళ్ళూ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. పిల్లలతో ఎదురొచ్చిన వ్యాను కూడా.

అక్కడే బిగిద్దామని చూశాడు. నట్టు రెండుసార్లు చేతిలోంచి జారింది. రాధారాణి అతని వేళ్ళకేసి చూసి, నట్టు తీసి మళ్ళీ భరిణెలో వేసి, చాలు, ఆగిన కార్లని మోసుకెళ్ళే టో ట్రక్కుని పిలవమంది.

ట్రక్కు పెద్దాయన ఆ కారుని లేగదూడని కట్టినట్టు జాగ్రత్తగా కట్టి, ఎక్కడికని అడిగాడు. దామోదర్ ఇంటికన్నాడు. రాధారాణి గుడికంది. పులిహోర ఆవిడ ఒళ్ళోనే ఉంది మరి.

గుడి ముందు నలభై మందీ ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. వాహనమెక్కిన ఉత్సవమూర్తిలా కారు ట్రక్కు మీద దిగింది. కొత్త పెయింటు కదా, దుమ్ము పడకూడదని ఇలా తెచ్చామని చెప్పడానికి దామోదర్ దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. తీరా అక్కడ ఆ మాటలు వదిలేసి, కొబ్బరికాయ పంతులుగారి చేతికిచ్చాడు. పంతులుగారు కిందికీ పైకీ చూసి, నేలమీద నడిచేది ఇదే కదా అని నిమ్మకాయలు ట్రక్కు టైర్ల కింద పెట్టారు. ట్రక్కు పెద్దాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, మెల్లగా ముందుకి పోనిచ్చాడు.

బొట్టు పెట్టడానికి భరిణె తెరిస్తే కుంకుమలో నట్టు. పూజకే తెచ్చారనుకుని పంతులుగారు దాన్ని తమలపాకు మీద పెట్టి అక్షింతలు వేశారు. నలభై మందీ దణ్ణం పెట్టారు. అందరికన్నా వంగి పెట్టింది దామోదరే.

మర్నాడు రాధారాణి టార్చి పట్టుకుంటే నట్టు బిగించి, పిన్ను గుచ్చాడు. గాట్లలో కుంకుమ ఇంకా పోలేదు. ఇప్పటికీ కారు తీసేముందు దామోదర్ కళ్ళద్దాలు తలకిందులుగా పెట్టుకుని, కిందకి దూరి, ఆ ఎరుపు కనబడితేగాని తాళం తిప్పడు.