ఊరగాయ సీసా సీను

2023లో జహీరాబాద్‌లో మా మేడ మీది గదిలో కూర్చుని ఒక రష్యన్ కామెడీకి తెలుగు డబ్బింగ్ మాటలు రాశాను. పదహారేళ్ల పిల్లవాడి తొలిప్రేమ కథ. నాకు రష్యన్ ముక్క రాదు. ఇంగ్లిష్ స్క్రిప్టు పక్కన పెట్టుకుని, బొమ్మ చూస్తూ, పెదవులు కదిలినంత మేరకే మాట పట్టేలా రాయాలి. దాన్నే లిప్ సింక్ అంటారు. అందులో నాకు వంక పెట్టినవాళ్లు లేరు. అయినా అప్పటిదాకా రాసినవన్నీ కార్టూన్లే, తెర మీద పేరు పడలేదు. ఇది పేరు పడబోయే మొదటి సినిమా.

పేచీ ఒక్క సీను దగ్గర వచ్చింది. పిల్లవాడు తన ప్రేమ సంగతిని కుక్కకూ, అద్దానికీ, చిలక్కొయ్యకు వేలాడే నానమ్మ కోటుకూ అప్పజెప్పి మరీ బయల్దేరతాడు. తీరా ఆ అమ్మాయి తలుపు తీసేసరికి, నానమ్మ ఇచ్చి పంపిన, చిట్టి దోసకాయల్ని ఉప్పునీళ్లలో ఊరేసిన ఊరగాయ సీసా పట్టుకుని బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోతాడు. ఆ అమ్మాయి కాసేపు చూసి, మూత తిప్పి, ఒక దోసకాయ తీసి కరకరా నమిలేస్తుంది. తలుపు దగ్గరున్నంతసేపూ మనకు పిల్లవాడి వీపే కనిపిస్తుంది.

డబ్బింగులో వీపు షాటంటే పండగే. పెదవులు కనబడవు కనుక ఏ మాటైనా ఇరికించొచ్చు. హైదరాబాద్ నుంచి డబ్బింగ్ డైరెక్టరు గారు ఫోన్ చేసి అదే అన్నారు.

"అంతసేపు మాట లేకపోతే జనం ఫోన్లు తీస్తారమ్మా. కుర్రాడి మొహం కనబడట్లేదుగా, నాలుగు పంచులు పడేయండి."

సరేనని రాశాను. బాగానే కుదిరాయి. నా గొంతుతోనే రికార్డు చేసి, బొమ్మ నడుపుతూ మా అత్తమ్మకు వినిపించాను. ఆమెది బీదర్ వైపు, నచ్చకపోతే మొహం మీదే చెప్పే మనిషి. నవ్వలేదు. మాటలు తీసేసి మళ్లీ చూపించాను. దోసకాయ కరకరమనగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పోరి ముందట నిలవడ్డంక పోరనికి నోరెట్ల లేస్తది? నడిమిట్ల నువ్వెందుకు మాట్లాడుతున్నవ్?" అంది.

వెంటనే డైరెక్టరు గారికి ఫోన్ చేశాను. "ఆ సీన్ల మాట వడితే నవ్వు పోతది సార్. రాసి చూసిన గని, నేను ఉంచను. గావాలంటే వేరేటోళ్లతోని రాయించుకోన్రి, నా పేరు తీసేయున్రి."

ఫోన్ పెట్టేశాక చేతికందిన సినిమా పోతుందని భయపడ్డాను. తప్పు మాట్లాడానని మాత్రం అనుకోలేదు.

మర్నాడు ఆయన నన్ను స్టూడియోకి పిలిచి, నేను రికార్డు చేసిన పంచులతో ఒకసారి, అవి లేకుండా ఒకసారి వేసి చూశారు. మాటల్లేనిది చూస్తూ ఆయన ఫక్కున నవ్వేశారు. ఆ పంచులు తీసేయమని ఇంజినీరుకు చెప్పారు. సినిమాలో నా పేరు పడింది.

పాత్ర నోరు మూసుకున్న చోట రాసేవాళ్లం కూడా మూసుకోవాలని ఆ సీను నాకు నేర్పింది. ఇప్పుడు ఆయన ఎక్కడ మాటలు నింపాలో నాకు చెప్పడం మానేశారు. ఇక్కడ రాద్దామా వద్దా అని నన్నే అడుగుతున్నారు. చాలాసార్లు వద్దనే చెబుతున్నాను.