సున్నా కింది అంతస్తులు

2016లో మహబూబ్‌నగర్ నుంచి కోస్గి వైపు పోయే దారిలోని ఒక ఊళ్లో, ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. ఆ బడిలో కంప్యూటర్ గది ఒకటి ఉండేది. పిల్లలు ముట్టుకుంటే పాడవుతాయన్న భయంతో కంప్యూటర్ల మీద పాత దుప్పట్లు కప్పి, గదికి తాళం వేసి పెట్టారు. హెడ్మాస్టరు గారిని అడిగి తీయించి చూస్తే, సగానికి పైగా బాగానే పనిచేశాయి.

ఆ ఏడాదే ఏడో తరగతిలో స్వప్న చేరింది. వాళ్ల నాన్న బాలరాజు, అమ్మ యాదమ్మ పూణేలో బిల్డింగ్ పనులకు పోయేవాళ్లు. స్వప్న కూడా వాళ్ల వెంటే తిరుగుతూ, సైటు మీద తమ్ముణ్ని చూసుకునేది. వానలు పడతాయన్న ఆశతో ఆ ఏడాది కుటుంబమంతా ఊరికి తిరిగొచ్చింది. మధ్యలో చదువు ఎంత పోయినా, వయసును బట్టి తరగతిలో కూర్చోబెట్టాలన్నది బడి నియమం. దాన్ని ఏజ్ అప్రాప్రియేట్ అడ్మిషన్ అంటాం. అట్లా మూడో తరగతి కూడికలు సరిగా రాని పిల్ల ఏడో తరగతి బెంచీ మీదికొచ్చింది. బోర్డు దగ్గరికి పిలిస్తే లేచి నిలబడేది గానీ కదిలేది కాదు. లెక్క ఏమిటో చూడకముందే "నాకు రాదు మేడం" అనేది.

అప్పుడు ఇంటిజర్స్ పాఠం నడుస్తోంది. ఇంటిజర్స్ అంటే పూర్ణసంఖ్యలు: సున్నాకు పైన ఉండేవి, కింద ఉండేవి, మధ్యలో సున్నా. పిల్లలకు ఈ పాఠం మొదట్లో అసలు మింగుడు పడదు. "మూడు జామపండ్లు ఉంటే ఐదెట్ల తింటం మేడం?" అని ఒక పిల్లాడు అడిగితే తరగతంతా నవ్వింది.

నల్లగొండలో ఉండే మా తమ్ముడితో ఈ మాట చెబితే, ఒక వీడియో గేమ్ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. అందులో ఒక పెద్ద బిల్డింగ్, అందులో ఒక లిఫ్ట్. నేల అంతస్తు సున్నా. పైన ఒకటి, రెండు, మూడు. కింద సెల్లార్లు మైనస్ ఒకటి, మైనస్ రెండు, మైనస్ మూడు. మనుషులు ఎక్కి ఎక్కడికి పోవాలో చెబుతారు. ఎన్ని అంతస్తులు పైకో కిందికో లెక్క వేసి నొక్కాలి. లెక్క తప్పితే లిఫ్ట్ వేరేచోట ఆగుతుంది, గంట మోగుతుంది, ఎక్కినవాళ్లు చేతులూపుతూ గోల చేస్తారు. మళ్లీ నొక్కాలి.

హెడ్మాస్టరు గారు మొదట ఒప్పుకోలేదు. "ఇండ్లల్ల ఫోన్లు పట్టుకొని ఖరాబైతున్నరనే మనకు ఫికర్. బడిల గూడ ఆటలేనా మేడం?" అన్నారు. శనివారం చివరి పీరియడ్ ఒక్కటే అడిగాను. సరేనన్నారు.

మొదటి శనివారం ఒక్కో కంప్యూటర్ ముందు కొంతమందిని కూర్చోబెట్టాను. స్వప్న అందరి వెనకాల నిలబడింది. ముందు కూర్చున్న జ్యోతి, మైనస్ మూడు అంటే ఎక్కడికి పోవాలో తెలియక మౌస్ అటూ ఇటూ తిప్పుతోంది. వెనక నుంచి స్వప్న గొంతు వినిపించింది.

"గది సెల్లార్. కిందికి తియ్యి."

"నీకెట్ల తెలుసే?" అంది జ్యోతి.

"పూణెల మేమున్న బిల్డింగుకు గిట్లనే ఉండె. అమ్మోల్లు సిమెంటు మోస్తుంటే, నేను తమ్ముణ్ని పట్టుకొని సెల్లార్ల కూసునేదాన్ని. గాడ సల్లగుంటది."

జ్యోతి జరిగి జాగా ఇచ్చింది. స్వప్న కూర్చుంది. రెండో అంతస్తు నుంచి మూడో సెల్లార్‌కు పోవాల్సిన ముసలాయన్ని తీసుకుపోయి మొదటి సెల్లార్‌లో దింపింది. గంట మోగింది, ముసలాయన గోల చేశాడు, పిల్లలందరూ నవ్వారు. స్వప్న కూడా నవ్వింది. తప్పు చేసి ఆ పిల్ల నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. వెంటనే రెండు కిందికి నొక్కి ముసలాయన్ని ఆయన చోటికి చేర్చింది.

కొన్ని వారాల్లో ఆ ఆటలో ఆమెను మించినవాళ్లు లేకుండా పోయారు. నేను సంబరపడ్డాను. కానీ యూనిట్ టెస్టులో, అవే లెక్కలు కాగితం మీద ఇస్తే, స్వప్న తెల్లకాగితం ఇచ్చింది. హెడ్మాస్టరు గారు దాన్ని చూసి, "ఆట నేర్చుకుంది మేడం, లెక్క నేర్వలే" అన్నారు. ఆయన మాటలో వెటకారం లేదు. నాకూ అదే అనుమానం పట్టుకుంది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత స్వప్నను పక్కకు పిలిచాను.

"రెండులోంచి ఐదు కిందికి పోతే ఎక్కడుంటం బిడ్డా?"

"మైనస్ మూడుల."

"మరి అదే లెక్క కాగితం మీద ఉంటే ఎందుకు రాయలేదు?"

కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీస్తూ అంది: "గాడ తప్పైతే మల్ల ఆడుమంటది మేడం. కాగితం మీద ఎర్రగీత వడ్తది. గది పోదు."

ఆ వారం నుంచి ఏడో తరగతికి పద్ధతి మార్చాను. పెన్సిల్‌తో రాయమన్నాను. తప్పుంటే గీత కొట్టకుండా, "లిఫ్ట్ వేరేకాడ ఆగింది, చూసుకో" అని కాగితం తిరిగిచ్చేదాన్ని. సరిచేసుకొని తెచ్చాకే మార్కు వేసేదాన్ని. స్వప్న రాయడం మొదలుపెట్టింది. చాలావరకు తప్పులే. ఆ తప్పుల్ని చూసి నేను పడిన సంతోషం ఇంట్లో చెబితే నవ్వారు.

దసరా తర్వాత ఒక శనివారం బాలరాజు బడికొచ్చాడు. చేను ఆశపెట్టినంత పండలేదు, పూణే నుంచి మేస్త్రి పిలిచాడు. పిల్లను తీసుకుపోవడానికి వచ్చాడు. కంప్యూటర్ గది గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు.

"బడికి పంపింది గీ ఆటలకా మేడం?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా స్వప్న లేచి ఆయన చెయ్యి పట్టుకుంది. "నాయినా, జర కూసో. ఒక్కసారి ఆడు."

ఆయన మొహమాటపడుతూనే కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. రెండో సెల్లార్ నుంచి నాలుగో అంతస్తుకు పోవాలి. నాలుగు నొక్కాడు. లిఫ్ట్ రెండో అంతస్తులో ఆగి గంట మోగింది. బాలరాజు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏం గాదు నాయినా. నువ్వు సున్నా కాణ్నుంచి లెక్కవెట్టినవ్. మనం సెల్లార్ల ఉంటిమి గదా. ముందుగాల రెండెక్కి నేల మీదికి రావాలె, ఆడికెల్లి నాలుగు."

ఆయన తెర వైపు చూడటం లేదు, కూతురి మొహమే చూస్తున్నాడు. తర్వాత నెమ్మదిగా మళ్లీ నొక్కాడు. ఆ పీరియడ్ అయ్యేదాకా కుర్చీలోంచి లేవలేదు. పోయేటప్పుడు నాతో, "గింత మాట్లాడ్తదని నాకెరుక లేకుండె మేడం" అన్నాడు. పిల్లను తీసుకుపోతానని గానీ, వదిలిపెడతానని గానీ చెప్పలేదు.

సోమవారం హాజరు తీసుకునేటప్పుడు ఆ పేరు పిలవడానికి భయపడ్డాను. స్వప్న పలికింది. ఆ సీజన్‌లో బాలరాజు ఒక్కడే పూణే పోయాడు. యాదమ్మ పిల్లలతో ఊళ్లోనే ఉండి పత్తి ఏరే పనికి పోయింది. తర్వాత ఒకసారి కలిసినప్పుడు ఆమె చెప్పింది: "బిడ్డ లెక్క నేర్పిందని గా దినం పిల్ల నాయిన నవ్వుకుంట ఇంటికొచ్చిండు. గట్ల నవ్వంగనే నేను పట్టువట్టిన మేడం, పిల్లను కదిలియ్యనని."

స్వప్న పది పాసైంది. లెక్కల్లో మామూలు మార్కులే. తర్వాత పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి, ఇప్పుడు షాద్‌నగర్ దగ్గర ఒక సైటులో పనిచేస్తోంది.

బడికి కొత్తగా వచ్చే టీచర్లు నన్ను అడుగుతుంటారు, ఏ గేమ్ మంచిది, ఎక్కడ దొరుకుతుందని. పేర్లు చెబుతాను. కానీ దాంతో పాటు ఇంకో మాట కూడా చెబుతాను: ముందు మీ తరగతిలో తప్పు చెప్పిన పిల్ల కూర్చునేటప్పుడు ఆమె మొహం చూడండి. ఆ మొహం వాడిపోతుంటే, ఎంత మంచి ఆట తెచ్చినా అది శనివారం చివరి పీరియడ్‌లోనే మిగిలిపోతుంది.