కరెంటు వచ్చాక చూసిన ఇల్లు

బావ దుబాయి తిరిగి వెళ్లడానికి వారమే మిగిలి ఉండగా మేము ఇల్లు వెతకడానికి బయలుదేరాము. కోరుట్లలో అక్క అద్దెకుంటున్న గదిని నెలాఖరుకల్లా ఖాళీ చేయాలని ఇంటి యజమానురాలు చెప్పింది. బావ ఉండగానే బేరం కుదరాలి. లేకపోతే అక్క ఇద్దరు పిల్లలతో మళ్లీ మరొకరి గది వెతుక్కోవాలి. కళాశాల చర్చా పోటీల్లో అలవాటైన ప్రశ్నలు ఇక్కడైనా పనికొస్తాయని నన్ను వెంటబెట్టుకున్నారు.

పిల్లలను పక్కింటి అవ్వకు అప్పగించి, పొద్దున ఆరుంబావు బస్సులో జగిత్యాల చేరాము. బస్టాండు ముందు హోటల్లో ఉప్మా, చాయ. కొత్తవాళ్లు అక్కడే తినడం మేలు. ఊర్లోకి వెళితే ఇడ్లీలు త్వరగా అయిపోతాయి.

కోట వైపు వీధిలో ఇల్లమ్మే ఆసామి ఒకప్పటి గ్రామ దొర. నక్సలైటు అన్నల కాలం మొదలయ్యాక పల్లెలోని గడీ బంగళా వదిలి పట్నం చేరాడు. ఇప్పుడు హైదరాబాదు పోదామని ఈ ఇల్లూ అమ్ముతున్నాడు. గాలీ వెలుతురూ బాగున్నాయి. బావ ముఖం విప్పారింది.

“రిజిస్ట్రీ ఎందుకయ్యా? తెల్లకాయిదం మీద రాసుకుందాం. నలుగురు పెద్దమనుషులు సంతకాలు పెడ్తరు,” అన్నాడాయన.

“మీ అన్నదమ్ములు గూడ పెడ్తరా, సార్?” అని అడిగాను. ఇల్లు వాళ్ల తండ్రి కట్టించినదని అప్పుడే చెప్పాడు మరి.

ఆయన నవ్వు ఆగిపోయింది. “నా మాట మీద నమ్మకం లేనోళ్లకు నేనమ్మను.”

మా ప్రాంతంలో తెల్లకాగితం బేరాలు తరాలుగా నడుస్తున్నాయి. అయినా, వాటా ఉన్నవారందరూ సంతకం చేయని ఇంటిని, రిజిస్ట్రీకి ఒప్పుకోని ఇంటిని ఎంత చవకైనా వదులుకోవాలన్నదే నా అభిప్రాయం. బావకు మాత్రం కోపం వచ్చింది. “కాలేజీల గెలుస్తె కప్పిస్తరు బామ్మర్దీ, ఇల్లియ్యరు!”

వేములవాడ మీదుగా సిరిసిల్లలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. అక్క తెచ్చిన జొన్నరొట్టెలు బస్టాండులోనే తిన్నాము. రెండో ఇల్లు చూపిస్తానన్న దలాలి అక్కడే కలిసి, నేరుగా ఒక మగ్గాల వీధికి తీసుకెళ్లాడు. రెండు గదులు, వంటిల్లు, సొంత బావి. యజమాని ఒక్కడే, రిజిస్ట్రీకి సిద్ధం. వీధంతా నిశ్శబ్దంగా ఉంది.

“గుడి లెక్క ఉన్నది!” అన్నాడు బావ, బయానా కోసం జేబులో చెయ్యి పెడుతూ.

ఇరువైపులా మరమగ్గాల షెడ్లున్నాయి. ఒక్కటీ ఆడటం లేదు. “కరెంటు కోతనా?” అని అడిగాను.

“వస్తది తియ్. గప్పటిదాక కూసుంటె మీ ఆఖరి బస్సు పోతది,” అన్నాడు దలాలి.

చీకటిపడితే ఆ దారిలో బస్సులు తిరగని రోజులవి. అయినా కూర్చున్నాము. మూడు దాటాక కరెంటొచ్చింది. రెండు వైపుల మగ్గాలు ఒక్కసారే అందుకున్నాయి. గూట్లోని దీపపు బుడ్డి గడగడలాడింది. ఉత్తరపు గోడ పగులు నుంచి మట్టి రాలింది.

“దొంగ సచ్చినోడా! కోత చూసుకొని తోల్కచ్చినవా?” అని బావ దలాలి మీద అరిచాడు. ఆ అరుపూ సగమే వినిపించింది. నేను గెలిచాననుకున్నాను.

అక్క గోడ దగ్గరకు వెళ్లి పక్కింటామెను పిలిచింది. “అత్తా, రాత్రి గూడ నడుస్తయా?”

“తెల్లారేదాక నడుస్తయి బిడ్డా. ఆగితెనే మాకు మెలకువొస్తది!”

అక్క మా వైపు తిరిగింది. “గీ ఇల్లే తీసుకుందాం.”

“పిల్లలెట్ల నిద్రపోతరక్కా?” అన్నాను.

“అలవాటైతది. అక్కడ మా గల్లీల చీమ చిటుక్కుమన్న ఇనబడ్తది తమ్మీ. పోలీసులో, అన్నలో, రాత్రి ఎవరి తలుపు కొట్టినా నా తలుపే అనుకొని లేస్త. ఈడ మగ్గాలతోని వాడకట్టంత మేల్కొని ఉంటది.”

నాకు మిగిలిన పని చేశాను: గోడ బాగు చేయించాకే, బావ వెళ్లేలోపే రిజిస్ట్రీ కావాలని యజమానిని ఒప్పించి, కొద్దిపాటి బయానాకు రశీదు రాయించాను.

ఆఖరి బస్సు దొరికింది. చందుర్తి దాటాక పోలీసులు ఆపి, మగవాళ్లందరినీ దించి సంచులు వెతికారు. మళ్లీ ఎక్కి కూర్చున్నాక బావ అక్క వైపు తిరిగాడు.

“గిన్నేండ్లు నాకెందుకు చెప్పలే?” అని అడిగాడు.

“చెప్తె నువ్వక్కడ పండుకుంటవా?” అంది అక్క.

ఇల్లు కొనబోయేవారికి నా సలహా ఒక్కటే. హక్కు, గోడ, నీళ్లు, అన్నీ పరీక్షించండి. అంతకన్నా ముందు, ఆ ఇంట్లో రాత్రిళ్లు ఒంటరిగా ఉండబోయే మనిషికి ఏం కావాలో అడగండి. నేను ఆ రోజు అందరినీ ప్రశ్నించాను, అక్కను తప్ప.