నాలుగో పట్టకారు

నవ్వితే నవ్వండి, అబద్ధమని మాత్రం అనకండి. ఆ రాత్రి ఒక పట్టకారు నా చేతిలోనే ఉంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పొదిలిలో మాది ఉమ్మడి షెడ్డు. వడ్రంగి బ్రహ్మయ్య బాబాయి, కమ్మరి మస్తాన్ అన్న, వెల్డింగు చేసే కోటి, రంగులు వేసే నేను. ఎవరి పని వారిదే. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే రోజు మాత్రం నలుగురమూ ఒక్కటే. పిడకల మంటలో పట్టాను ఎర్రగా కాల్చి, నాలుగు వైపులా పట్టకార్లతో ఎత్తి, చక్రం మీద దించాలి. నీళ్లు పోస్తే అది బిగుసుకుంటుంది. వేడికి ఇనుము వ్యాకోచిస్తుందని లైబ్రరీలో చదివి చెబితే మస్తాన్ అన్న నవ్వేవాడు. "నీ పుస్తకం ఇప్పుడు చెప్పింది. మా తాత ఎప్పుడో చెప్పాడు."

ఈ పని చీకటి పడ్డాకే చేస్తారు. ఇనుము ఎంత ఎర్రబడిందో చీకట్లోనే సరిగ్గా తెలుస్తుంది. ఎత్తేటప్పుడు ఎవరి కళ్లు వారి వైపు అంచు మీదే ఉండాలి. తల తిప్పితే పట్టా వంకరగా దిగుతుంది.

అంతకుముందు చక్రం అలాగే పగిలింది. బాబాయి నెల రోజుల పని. "ఇదీ పగిలితే ఉలి కింద పెట్టేస్తాన్రా" అన్నాడు. ఊరికే అనే మనిషి కాదు.

నీళ్లు చాలవని కోటి బిందెలు తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్లాడు. పట్టా ఎర్రబడింది. ఇంకా కాలితే, దించినప్పుడు చెక్క మాడిపోతుంది. గాలి తిరిగి, పొగంతా కోటి నిలబడే వైపు కమ్మేసింది.

"కోటీ, వచ్చావట్రా?" మస్తాన్ అన్న అరిచాడు.

పొగలోంచి... "ఊఁ."

ఆ వైపు పట్టకారు ఇనుముకు తగిలింది. టక్...

"ఎత్తండి!"

ఎత్తాం. నాలుగు వైపులా ఒకే ఎత్తు. ఎక్కడా వాలలేదు. మేం రొప్పుతున్నాం. పొగలో కూడా ఊపిరి వినిపిస్తోంది... నిదానంగా... ఏమాత్రం తొందర లేకుండా.

దించాం. చెక్క చుర్రుమంది. ఉన్న నీళ్లన్నీ పోశాం. చక్రం ఆకులు, ఆ అడ్డకర్రలన్నీ, కిర్రు... కిర్రు... మంటూ బిగుసుకున్నాయి. పగల్లేదు!

బాబాయి అంచు చుట్టూ వేలు తిప్పుతూ కోటి నిలబడే వైపు ఆగాడు. "భలే దించావురా కోటీ! గోరు పట్టే సందు లేదు."

"నేనెక్కడ దించాను?"

మాట మా వెనక నుంచి వచ్చింది. గుమ్మంలో కోటి. రెండు చేతుల్లో రెండు నిండు బిందెలు. "నేను రాకుండానే ఎక్కించేశారేంట్రా?"

పొగ విడిపోయింది. ఆవల ఎవరూ లేరు. పట్టకారు ఒకటి నేల మీద ఉంది. మస్తాన్ అన్న దాని పిడి ముట్టుకుని చటుక్కున చెయ్యి తీసేశాడు. "ఇప్పటిదాకా ఎవరో పట్టుకున్నట్టే వెచ్చగా ఉందిరా..."

"మనం ముగ్గురమే ఎత్తామేమో" అన్నాను.

"ముగ్గురు ఎత్తితే అంత సమంగా లేస్తుందంట్రా, పుస్తకాలోడా?" అన్నాడు బాబాయి. చెయ్యి ఇంకా ఆ అంచునే నిమురుతోంది.

ఆయన ఉలి కింద పెట్టలేదు. కోటి మాత్రం ఇక ఆ వైపు నిలబడనన్నాడు. తర్వాతి పట్టాకు నేనే అక్కడికి మారాను. భయం లేదా అంటే... ఉంది. అదెవరో, ఏమిటో ఈరోజుకీ తెలియదు. కానీ అంత పనితనం ఉన్న చేయి పక్కన నిలబడే అవకాశం ఎవరు వదులుకుంటారు?

పొగ కమ్మగానే కాస్త పక్కకు జరిగి, ఇంకొకరికి చోటిచ్చాను.